ప్రేమాభిషేకం చూడండి, జబ్బు మాత్రం దాచకండి

ఎన్.టి.ఆర్. గారి రామకృష్ణా స్టూడియో వెలసిన నాచారంలో, పక్కనే ఉప్పల్‌లో సినిమా ముచ్చట లేని ఇల్లుండదు. మంచి ప్రేమకథ చెప్పమంటే మేము దాసరి గారి 'ప్రేమాభిషేకం' (1981) పేరే చెబుతాం. క్యాన్సర్ సంగతి దాచి, ప్రేమించిన శ్రీదేవి తనను అసహ్యించుకునేలా నటిస్తాడు అక్కినేని. జయసుధ కోసమైనా చూడాలి. రుమాలు దగ్గర పెట్టుకోండి!

అయితే దాచడం తెరమీదే బాగుంటుంది. ఇంట్లో దాచిన ప్రతిరోజూ చికిత్సకు ఆలస్యమే. తగ్గని గడ్డ, రక్తం పోవడం, ఊరికే బరువు తగ్గడం ఉంటే ఇంట్లోవారికి చెప్పి, వారిని వెంటబెట్టుకుని డాక్టరు గారి వద్దకు రండి.

నిజజీవితంలో అక్కినేని గారు దాచలేదు. 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ అని తానే చెప్పారు. కొడుకు, మనవడితో కలిసి 'మనం'లో తన పాత్ర పూర్తిచేసి, 2014 జనవరిలో కన్నుమూశారు. సినిమా మేలో వచ్చింది. అదీ ఇంటిల్లిపాదీ చూడదగిందే.