స్కాన్ భద్రంగానే ఉంది, ఫైల్ పేరే పోయింది: సింగ్‌నగర్ వరద నేర్పిన పాఠం

2024 సెప్టెంబర్ మొదటి వారాన్ని విజయవాడ వాళ్లెవరూ మర్చిపోలేరు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. అదే టైమ్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. సింగ్‌నగర్‌లో మా మావయ్య వాళ్లది గ్రౌండ్ ఫ్లోర్. నీళ్లు తగ్గాక బీరువా తెరిస్తే, గుడివాడ వైపు ఉన్న పొలం దస్తావేజులు ముద్దయిపోయి కనిపించాయి.

"ఒరేయ్, అవన్నీ నీ యాప్‌లో ఎక్కించావు కదా, తియ్యి" అన్నాడు మావయ్య. నేనూ ధీమాగానే ఉన్నా. 2019లో జిరాక్స్ షాపులో స్కాన్ చేయించిన నాలుగు పీడీఎఫ్‌లను తర్వాత ఒక డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ యాప్‌లో పెట్టింది నేనే. యాప్ పేరు ఇక్కడ అనవసరం. టైటిల్ అడిగితే బద్ధకంగా "మావయ్య పొలం 1, 2, 3, 4" అని కొట్టేశా.

ఎక్స్‌పోర్ట్ నొక్కితే నాలుగు ఫైళ్లూ వచ్చాయి. పేజీలన్నీ ఉన్నాయి. కానీ పేర్ల స్థానంలో అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాలు, అంకెలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి పెట్టాలంటే ముందు కావాల్సింది దస్తావేజు నంబర్, సంవత్సరం. స్కాన్‌లో చూస్తే చేతిరాత, పైన ముద్ర ఇంకు పాకింది. అది 2317 అనుకోవాలో 2817 అనుకోవాలో తెలియదు (నంబర్లు మార్చి రాస్తున్నా). సర్వే నంబర్‌తో ఈసీ తీసి వెతకొచ్చు, కానీ పంపకాల్లో సబ్‌డివిజన్లు మారిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ జిరాక్స్ షాపు కుర్రాడు అసలు కాగితం చేతిలో పెట్టుకుని, నంబర్ చదివి, "సేల్‌డీడ్_2317_1994_గుడివాడ" అని ఫైల్‌కి పేరు పెట్టాడు. అంటే బొమ్మలో కనపడని సమాచారం ఫైల్ పేరులో ఉంది. దాన్నే యాప్ వదిలేసింది, నేనూ పట్టించుకోలేదు. చివరికి మావయ్య కొడుకు పాత ఫోన్‌లో లాగిన్ అయి ఉన్న జీమెయిల్‌లో, 2019 నాటి అటాచ్‌మెంట్ అదే పేరుతో దొరికింది. సర్టిఫైడ్ కాపీ వచ్చింది.

అసలు పేరు ఎందుకు మారుస్తారు?

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకీ కారణాలున్నాయి. ఇద్దరు యూజర్లు ఒకే "స్కాన్0001" పేరుతో ఫైళ్లు పంపితే ఒకటి రెండోదాన్ని తుడిచేయకూడదు. రెండు చుక్కలు, స్లాష్ లాంటివి పేరులో దూర్చి సర్వర్‌లోని వేరే ఫోల్డర్లలోకి చొరబడే హ్యాకింగ్ ట్రిక్ కూడా ఉంది. అందుకే డిస్క్ మీద సిస్టమ్ తనే తయారుచేసిన పేరు వాడటం మంచి పద్ధతే. తప్పెక్కడంటే, యూజర్ ఇచ్చిన పేరుని డేటాబేస్‌లో పక్కన రాసి పెట్టకపోవడం, లేదా రాసి కూడా ఎక్స్‌పోర్ట్‌లో తిరిగి ఇవ్వకపోవడం.

మంచి డిజైన్‌లో మూడు పేర్లు విడివిడిగా ఉంటాయి: డిస్క్ మీద పేరు, మనం ఎప్పుడైనా మార్చుకునే టైటిల్, ఎప్పటికీ మారని ఒరిజినల్ ఫైల్ నేమ్.

నేను ఇప్పుడు వాడేది

ఆ దెబ్బ తర్వాత ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ పెట్టుకున్నా. ఇది ఓపెన్ సోర్స్, డాకర్‌లో నడుస్తుంది. ఏ సెట్టింగూ మార్చకపోతే ఇది కూడా డిస్క్ మీద ఫైళ్లను 0000012 లాంటి వరుస నంబర్లతోనే దాస్తుంది. ఫోల్డర్ తెరిచి కంగారు పడకండి. డాక్యుమెంట్ ఓపెన్ చేసి మెటాడేటా ట్యాబ్ చూస్తే ఒరిజినల్ ఫైల్ నేమ్ కనిపిస్తుంది. ఫైల్‌నేమ్ ఫార్మాట్ సెట్టింగ్‌లో ఒరిజినల్ నేమ్ అనే ప్లేస్‌హోల్డర్ ఇస్తే డిస్క్ మీద కూడా అదే పేరు వస్తుంది. దాని ఎక్స్‌పోర్టర్ టూల్‌తో బ్యాకప్ తీస్తే, ఫైళ్లతో పాటు వచ్చే మ్యానిఫెస్ట్ ఫైల్‌లో పాత పేర్లన్నీ ఉంటాయి. ఓసీఆర్ కోసం తెలుగు ప్యాక్ కూడా వేసుకోవచ్చు. అయితే ప్రింట్ అక్షరాల వరకే దాని మీద ఆశ పెట్టుకోండి. పాత దస్తావేజుల చేతిరాత దానికి అందదు. పేరు ముఖ్యమనేది అందుకే.

వాట్సాప్‌లో జాగ్రత్త

ఫోటోగా పంపితే వాట్సాప్ దానికి కొత్త పేరు పెడుతుంది, అందులో పంపిన రోజు తేదీ ఉంటుంది. 2019లో తీసిన ఫోటో 2024 ఫైల్‌లా మారిపోతుంది. అదే డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి, క్వాలిటీ కూడా తగ్గదు.

స్లాష్, తెలుగు అక్షరాలు

దస్తావేజుని 2317/1994 అనే రాస్తాం, సర్వే నంబర్‌ని 45/2 అంటాం. కానీ ఫైల్ పేరులో స్లాష్‌ని విండోస్ ఒప్పుకోదు, లినక్స్ కూడా ఒప్పుకోదు. గూగుల్ డ్రైవ్ ఒప్పుకుంటుంది కానీ డౌన్‌లోడ్‌లో దాన్ని అండర్‌స్కోర్‌గా మార్చేస్తుంది. అందుకే మొదటి నుంచీ హైఫన్ వాడండి.

తెలుగులో పేర్లు పెట్టొచ్చా? హాయిగా పెట్టొచ్చు, కానీ పొడవు చూసుకోండి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకి 255 బైట్ల పరిమితి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ ఒక్కోదానికి 3 బైట్లు. "విజయవాడ" అని తెలుగులో రాస్తే 21 బైట్లు, ఇంగ్లిష్‌లో రాస్తే 10. అంటే ఎక్స్‌టెన్షన్‌తో కలిపి దాదాపు 85 గుర్తుల దగ్గర ఆగిపోవాలి.

ఏ యాప్ అయినా ఈ టెస్ట్ చేయండి

ముఖ్యమైన కాగితాలు ఎక్కించే ముందు ఐదు డమ్మీ ఫైళ్లు తయారుచేసుకోండి.

1. తెలుగు పేరుతో ఒకటి.
2. బాగా పొడవైన పేరుతో ఒకటి.
3. ఒకే పేరు, వేర్వేరు పేజీలతో రెండు. వీటిని వేర్వేరు ఫోల్డర్ల నుంచి అప్‌లోడ్ చేయండి.
4. మొదటి ఫైల్‌నే కాపీ చేసి, పేరు మార్చి ఇంకొకటి. చెక్‌సమ్ చూసే సాఫ్ట్‌వేర్ దీన్ని డూప్లికేట్ అని తిప్పికొట్టొచ్చు. అప్పుడు రెండో పేరు ఎక్కడా మిగలదు, అది తెలిసి ఉండాలి.

అప్‌లోడ్ అయ్యాక టైటిల్ మార్చండి. తర్వాత మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి వేరే కంప్యూటర్‌లో తెరవండి. పాత పేర్లు ఫైళ్ల మీద గానీ, పక్కన లిస్ట్‌లో గానీ కనపడితే పాస్. లేకపోతే ఇంటర్‌ఫేస్ ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో ఆ యాప్ ఫెయిలే.

ఇంకో మాట. మా జిరాక్స్ షాపు కుర్రాడికి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ అంటే ఏంటో తెలియకపోవచ్చు. కానీ పేరులో నంబర్, సంవత్సరం, ఊరు పెట్టాలని తెలుసు. ఈ ఆదివారం మీ ఇంట్లో బీరువా తెరిచి, కాగితం చేతిలో ఉండగానే అలా పేర్లు పెట్టేయండి. మావయ్య ఈసారి బీరువాని మేడ మీదకి మార్చాడు. నేను బ్యాకప్‌ని వేరే ఊళ్లో పెట్టా.