డి.వి.డి. యంత్రమును నెలకొల్పి వాడుకొను విధము

సేద్యపు విషయములలో చెవితో వినినదానికంటె కంటితో చూచినది మనసునకు హత్తుకొనుననుట కర్షకులకు క్రొత్తగా చెప్పవలసిన మాట గాదు. విత్తనశుద్ధినిగూర్చి నూరుమారులు ఉపన్యసించుటకంటె ఒక తొట్టిలో ఉప్పునీరు పోసి తాలుగింజలను తేల్చి చూపుట మేలు. అయితే ప్రదర్శకుడు ప్రతి గూడెమునకు ప్రతి అదనునందును పోజాలడు. అతడు పోయిననాడు చేలో పురుగు కనబడకపోవచ్చును. పురుగు కనబడిననాడు అతడు వేరొక గ్రామమున నుండవచ్చును. ఈ లోపమును కొంతవరకు తీర్చునది చలనచిత్రము.

నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. కాని అడవి అంచు పల్లెలలో అనేకచోట్ల సంకేతము సరిగా అందదు. అందినను ఆ చిన్న అద్దములో ఒకరు చూచునది పదుగురు చూడలేరు. ఒకప్పుడు పెండ్లిచిత్రములకును సినిమాలకును కొన్న డి.వి.డి. యంత్రములు మన యిండ్లలో అటుకలమీద పడియున్నవి. వానిని క్రిందికి దింపినచో క్రొత్త ఖర్చు లేకయే ఇరువదిమంది కూర్చుండి చూడదగిన పాఠశాల యేర్పడును. దానిని అమర్చుకొను విధమును ఇచ్చట వివరించుచున్నాను.

ఈ యంత్రము విశేషమేమి?

టీ.వి. ద్వారా రైతులకు బోధించు ప్రయత్నము మన దేశమున క్రొత్తది గాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీవరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయమున ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా, వ్యవసాయ విషయములను ప్రసారము చేసిరి. అది గొప్ప ప్రయత్నమే. కాని ప్రసారమునకు ఒక లోపము కలదు. బొమ్మ వచ్చును, పోవును. అర్థము కానివాడు ఆగుమని చెప్పుటకు వీలు లేదు.

1996 నవంబరులో జపానుదేశమున మొదట అమ్మకమునకు వచ్చిన డి.వి.డి. యంత్రము ఆ పగ్గమును చూచువాని చేతికే ఇచ్చినది. వలసినచోట నిలుపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, మరల చూడవచ్చును. బెంగుళూరునందలి మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమువారు కర్ణాటకమున డిజిటల్ గ్రీన్ అను పేరుతో చేసిన పరీక్షలో దీని ఫలము తేటపడినది. పదుమూడు నెలలపాటు 16 గ్రామములలో ఆ పరీక్ష జరిగినది. ఆయా ప్రాంతపు రైతుల చిత్రములనే తీసి, టీ.వి., డి.వి.డి. యంత్రములతో చూపిరి. పాతపద్ధతిని బోధించిన గ్రామములకంటె చిత్రములు చూచిన గ్రామములలో కొన్ని సాగుపద్ధతులను అనుసరించినవారు ఏడురెట్లని 2009లో ప్రకటించిరి. అయితే అచ్చట యంత్రమొక్కటియే పని చేయలేదు. గ్రామస్థుడొకడు ప్రక్కన నిలిచి, చిత్రమును ఆపి, ప్రశ్నలడిగి, చెప్పించెను. ఈ మాటను మరువరాదు. ఇకముందు చెప్పబోవు తీగలు, మీటలు అన్నియు ఆ ఆపుటకొరకే.

స్థల నిర్ణయము

యంత్రమును నేలపై నుంచరాదు. చెమ్మ, చీమ, దుమ్ము మూడును దీనికి శత్రువులు. గోడకు నాలుగు వ్రేళ్ళు ఎడముగా గట్టి బల్లపై నుంచవలెను. ప్రక్కలను, వెనుకను గల సన్నని సందులగుండ వేడి బయటికి పోవును గనుక నడుచుచుండగా గుడ్డ కప్పరాదు. ఆపి చల్లారిన పిమ్మటనే కప్పవలెను.

మన బూర్గంపాడు ప్రాంతమునకు గోదావరి ఒకప్రక్కను, కిన్నెరసాని ఒకప్రక్కను ఉన్నవి. భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు ఎక్కినది. అచ్చట 43 అడుగులకు మొదటి ప్రమాదహెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. పల్లపు ఇండ్లవారు మొదటి హెచ్చరికనాడే తీగలను ఊడదీసి యంత్రమును, పళ్ళెములను మెరకకు చేర్చవలెను. నీట తడిసిన యంత్రమును ఆరినదిగదాయని కరెంటునకు తగిలించుట ప్రాణాపాయము. పనివానికి చూపింపక ముట్టరాదు.

తీగలు కలుపుట

మొదట రెండు యంత్రముల ప్లగ్గులను గోడనుండి ఊడదీయవలెను. యంత్రము వెనుక గుండ్రని రంధ్రములు రంగురంగులుగా నుండును. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమవైపు ధ్వనికి, ఎరుపు కుడివైపు ధ్వనికి. మూడుతలల తీగ యొకటి దీనితో వచ్చును. ఏ రంగు తలను ఆ రంగు రంధ్రమునందే గ్రుచ్చవలెను.

పంపునది, గ్రహించునది ఏదియో తెలియవలెను. డి.వి.డి. యంత్రము చెరువుతూము వంటిది, టీ.వి. మడి వంటిది. తూమునుండి మడికి నీరు పారునుగాని మడినుండి తూమునకు పారదు. కావున యంత్రమున 'ఔట్' అని వ్రాసిన రంధ్రములనుండి టీ.వి.లో 'ఇన్' అని వ్రాసిన రంధ్రములకు తీగ నడపవలెను.

ఇచ్చట చాలమంది తబ్బిబ్బగుదురు. కొన్ని యంత్రములకు ఆకుపచ్చ, నీలము, ఎరుపు రంధ్రములు మరి మూడుండును. అవి బొమ్మను మరింత తేటగా పంపు వేరొక త్రోవ. అందలి ఎరుపు ధ్వనిది గాదు, బొమ్మది. ధ్వని ఎరుపు తెలుపు ప్రక్కన నుండునని గుర్తుంచుకొనవలెను. పాత టీ.వి.కి ధ్వనిరంధ్రము ఒక్కటియే యున్నచో తెల్లతలను మాత్రము దానికి తగిలించి ఎరుపును విడిచిపెట్టవచ్చును.

క్రొత్త పలుచని టీ.వి.లకు హెచ్.డి.ఎం.ఐ. అను బల్లపరుపు రంధ్రముండును. యంత్రమునకును అట్టిది యున్నచో ఆ తీగ యొక్కటియే బొమ్మను, ధ్వనిని రెంటిని మోయును. కొన్ని టీ.వి.లకు మూడు రంగుల రంధ్రములకు మారుగా ఒకే సన్నని రంధ్రము పెట్టుదురు. దానికి ఆ టీ.వి.తో వచ్చిన తోకతీగనే వాడవలెను. బజారులో దొరకు తోకలన్నియు ఒకేరీతిగా నుండవు.

తీగలన్నియు బిగిసిన పిమ్మటనే ప్లగ్గులను పెట్టవలెను. యంత్రమునకు పట్టు కరెంటు స్వల్పమే, సుమారు 10, 15 వాట్లు. కాని కరెంటు హెచ్చుతగ్గుల దెబ్బకు త్వరగా చెడును. స్టెబిలైజరు ఉన్న మేలు. ఉరుములు, మెరుపులు తోచినప్పుడు స్విచ్చి ఆపుట చాలదు, ప్లగ్గును, టీ.వి.కి వచ్చు కేబులు తీగను గూడ ఊడదీయవలెను.

బొమ్మను రప్పించుట

యంత్రము వెలిగినను టీ.వి. తన పాతత్రోవనే చూచుచుండును. టీ.వి. రిమోటుపై 'సోర్సు' అనియో 'ఇన్‌పుట్' అనియో 'ఎ.వి.' అనియో యుండు మీటను నొక్కి, తీగ ఏ రంధ్రమున గ్రుచ్చితిమో ఆ పేరును ఎన్నుకొనవలెను. యంత్రము చెడినదని అటుకెక్కించినవానిలో ఈ ఒక్క మీట నొక్కనందుననే మూలబడినవి అనేకములు.

తరువాత యంత్రపు రిమోటుపై 'సెటప్' మీటను నొక్కి రెండు విషయములు సరిచూడవలెను. మొదటిది బొమ్మ ఆకారము. పాత పెట్టె టీ.వి.కి 4:3, వెడల్పు టీ.వి.కి 16:9. ఇది తప్పినచో మనుష్యులు సన్నగనో, పొట్టిగనో కనబడుదురు. రెండవది 'పాల్', 'ఎన్.టి.ఎస్.సి.' అను పద్ధతి. మన దేశపు టీ.వి. ప్రసారమునకు ఏర్పడినది పాల్. ఇది సరిపడకున్న బొమ్మ దొర్లును, లేదా రంగు పోవును. 'ఆటో' అని యున్నచో దానినే యుంచవచ్చును.

లోపములు, వాని నివారణము

బొమ్మ కలదు, ధ్వని లేదు: తెలుపు, ఎరుపు తలలను, 'మ్యూట్' మీటను చూడుడు. ధ్వని కలదు, బొమ్మ లేదు: పసుపు తలను చూడుడు, సెటప్‌లో 'ప్రోగ్రెసివ్' అని పెట్టబడియున్నచో పసుపు త్రోవకు అది పనికిరాదు, మార్పుడు. బొమ్మ నలుపు తెలుపుగా నున్నది: పసుపు తల ఆకుపచ్చ రంధ్రమున చేరినదేమో, లేదా పాల్ పద్ధతి తప్పినదేమో చూడుడు. పళ్ళెమును తిరస్కరించినది: అది తలక్రిందుగా నున్నదేమో, గీతలు పడినదేమో చూడుడు.

విదేశములనుండి బంధువులు తెచ్చిన సినిమా పళ్ళెములు కొన్ని మన యంత్రమున ఆడవు. వ్యాపారులు లోకమును ప్రాంతములుగా విభజించి అంకెలిచ్చిరి. భారతదేశమునకు 5, అమెరికాకు 1, గల్ఫుదేశములకు 2. అంకె కలియనిచో యంత్రము ఒప్పుకొనదు. ఇది యంత్రపు చెడుగు గాదు. ఇక యు.ఎస్.బి. రంధ్రము గల యంత్రములలో పెన్‌డ్రైవును గూడ పెట్టవచ్చును. కాని నేటి చేతిఫోనుతో తీసిన చిత్రములను పాత యంత్రములు అనేకము చదువజాలవు. సభకు ముందుగానే ఒకసారి ఆడించి చూచుకొనవలెను.

పళ్ళెమును కాపాడుకొనుట

పళ్ళెము అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. ఒకప్రక్క ఒకే పొరగల పళ్ళెమున 4.7 గిగాబైట్ల సమాచారము పట్టును. ఎఱ్ఱని లేజరు కిరణము మధ్యనుండి అంచువైపునకు చుట్టలు చుట్టలుగా తిరుగు సన్నని చాలును చదువుచు పోవును. కనుక పళ్ళెమును తుడుచునప్పుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినచో పడిన గీత చాలు వెంబడి సాగి చాలభాగమును చెరుచును. తిన్నని గీత చాళ్ళను అడ్డముగా దాటునే గాని ఒకేచోట అంత కీడు చేయదు. వ్రేళ్ళతో అంచులనే పట్టుకొనవలెను. వ్రాతగల ప్రక్క పైకుండునట్లు పెట్టవలెను.

చూపవలసిన తీరు

రిమోటుపై రెండు నిలువుగీతల మీట చిత్రమును ఆపునది. దానిని ఎచ్చట నొక్కవలెనో చూపువాడు ముందుగా చిత్రమును ఒంటరిగా చూచి నిశ్చయించుకొనవలెను.

పత్తిని తీసికొందము. గులాబీరంగు పురుగు చేరిన పూవు విచ్చుకొనక గుడ్డిపూవై ముడుచుకొనును. ఆ బొమ్మవద్ద ఆపి, 'ఇట్టిది మీ చేలో నున్నదా?' అని అడుగవలెను. లింగాకర్షక బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు రెక్కలపురుగులు పడినచో నివారణకు పూనుకొనవలెనని అచ్చటనే చెప్పవలెను. మఱునాటి ఉదయమున అందరును చేనికి పోయి, చూచిన బొమ్మను చేనిలో వెదకవలెను. మిరపలో పూలను తెల్లకాగితముపై దులిపి తామరపురుగును కనుగొను చిత్రమును కూడ ఇట్లే రెండుమూడుమారులు త్రిప్పి చూపవలెను. 2021-22 పంటకాలమున క్రొత్త తామరపురుగు మిరపతోటలను పాడుచేసినప్పుడు పురుగు ఏదియో పోల్చుకొనకయే మందుమీద మందు చల్లి అప్పుల పాలైన రైతులెందరో కలరు. ఒక్క బొమ్మను నిలిపి చూచుటకు పట్టు కాలము రెండు నిమిషములు. గుర్తింపక చల్లిన మందుకు పట్టు ధనము ఎంతయో ఎవరి లెక్క వారికే తెలియును.

మన గూడెములలో పెద్దలకు, ముఖ్యముగా స్త్రీలకు, కోయభాషయే హాయి. చిత్రములోని పుస్తకపు తెలుగు వారికి దూరము. అట్టిచోట ధ్వనిని పూర్తిగా తగ్గించి బొమ్మను మాత్రము నడిపించుచు, గూడెములోని చదువుకొన్న యువతిగాని యువకుడుగాని కోయలో చెప్పుట ఉత్తమము. మనకు కావలసినది ధ్వనిగాదు, అర్థము.

ఒక హెచ్చరిక. పళ్ళెము ముసలిదగును, అందలి మాట గూడ ముసలిదగును. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫానును నిషేధించినది. అంతకుముందు తీసిన చిత్రమున ఆ మందు చల్లుమని యున్నచో దానిని పాటింపరాదు. బి.టి. పత్తికి గులాబీరంగు పురుగు సోకదని చెప్పు పాతచిత్రములు నేడు నమ్మదగినవి గావు. ఆ పురుగు బి.టి. విషమును తట్టుకొను శక్తిని సంపాదించినది. కావున చిత్రము ఏ సంవత్సరమున తీయబడినదో మొదట చూడవలెను. మందుల పేరులను, మోతాదులను చిత్రమునుండి గాక నేటి వ్యవసాయాధికారి మాటనుండి గ్రహింపవలెను. పురుగు ఆకారము, దుక్కి, విత్తనశుద్ధి, నారుమడి వంటివి మాత్రము పాతచిత్రమునుండియు నిశ్చింతగా నేర్చుకొనవచ్చును.

సంఘ సభ్యులు తమ తమ యిండ్ల అటుకలను వెదకి, మూలబడిన యంత్రములను దింపి, పైని చెప్పినట్లు ఒకసారి కలిపి చూడగోరుచున్నాను. పది యిండ్లకొక యంత్రము నడచినను చాలును. వారమునకొకనాడు, దీపాలవేళ, అరగంట. మడికి నీరు కట్టుటకు మనము తడవుచేయము గదా. తెలివికి నీరు కట్టుటకు మాత్రము తడవేల?