ఇసుకను పట్టి ఉంచే తీగ

గత జనవరిలో ఒక ఉదయం హంసలదీవి సముద్రతీరాన నడిచాను. అలల అంచున చిన్న ఉల్లంకి పిట్టలు గుంపుగా పరుగెత్తుతూ తడి ఇసుకలో పురుగులు ఏరుకుంటున్నాయి. సైబీరియా చలిని తప్పించుకొని వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన అతిథులు!

అయితే నా కాళ్లను ఆపింది బాలబందు తీగ. మేక గిట్టవంటి ఆకులు, ఊదాపూలు. కణుపు కణుపునా వేరుదన్ని ఇసుకను కదలనీయదు. పక్కనే రావణాసురుని మీసాలనే ముళ్లగడ్డి. పేరెవరు పెట్టారోగాని బాగా కుదిరింది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. అంతటి ఉప్పెనను ఇసుకదిబ్బ ఆపలేదు గాని, మామూలు పోటు దెబ్బను అదే కాస్తుంది.

ఒకచోట దిబ్బ సగం కరిగిపోయింది. అంతకుముందు ఏడాది కూటాల పందిరికి అక్కడి తీగ పెరికించి చదును చేయించింది నేనే. తొలకరిలో యౌవనస్థులతో వెళ్లి తీగముక్కలు నాటాము. కొన్ని వేరుపట్టాయి.