ఆరు ఏ4 ఇంజన్లు ఒకచోట చేరిన వేళ

బ్రిటన్‌లోని యార్క్ నగరంలో ఉన్న జాతీయ రైల్వే మ్యూజియంలో 2013 జులై 3న ఆరు ఆవిరి ఇంజన్లను ఒకే టర్న్‌టేబుల్ చుట్టూ నిలబెట్టారు. ఆరూ ‘ఏ4’ తరగతివే. లండన్, నార్త్ ఈస్టర్న్ రైల్వే (ఎల్.ఎన్.ఇ.ఆర్.) కోసం డాంకాస్టర్ కర్మాగారంలో 1935 నుంచి 1938 వరకు తయారైన 35 ఇంజన్లలో మిగిలినవి ఈ ఆరే. నాలుగు బ్రిటన్‌లోనే ఉన్నాయి. ఒకటి అమెరికా నుంచి, మరొకటి కెనడా నుంచి అట్లాంటిక్ దాటి వచ్చాయి. ఆ తరగతిలో బతికి ఉన్నవన్నీ ఒక్కచోట కనబడే అవకాశం మళ్లీ వస్తుందో రాదోనని రైలు అభిమానులు దేశదేశాల నుంచి యార్క్ బాట పట్టారు. మూడు విడతలుగా సాగిన ఈ ప్రదర్శనలను మొత్తం మూడు లక్షల మందికి పైగా చూశారు. నడిచే కాలం ఏనాడో దాటిపోయిన యంత్రాల మీద ఇంత అభిమానం ఎందుకో తెలియాలంటే, వాటి పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

1933లో జర్మనీ బెర్లిన్, హాంబర్గ్ నగరాల మధ్య ఒక డీజిల్ రైలును ప్రవేశపెట్టింది. అంత వేగంగా నడిచే రైలు అప్పటికి లోకంలో లేదు. ఎల్.ఎన్.ఇ.ఆర్. చీఫ్ మెకానికల్ ఇంజనీరు నైజెల్ గ్రెస్లీ స్వయంగా వెళ్లి దానిలో ప్రయాణించి వచ్చారు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి న్యూకాజిల్‌కు 268 మైళ్లు. ఆ దారికి అలాంటి బండి వేస్తే నాలుగుంబావు గంటలు పడుతుందని జర్మన్ తయారీదారులు లెక్క కట్టి చెప్పారు. అందులో సీట్లూ తక్కువే. తమ ఆవిరి ఇంజన్లే ఇంతకంటే బాగా లాగగలవని గ్రెస్లీ నమ్మకం. 1935 మార్చి 5న ‘పాపిరస్’ అనే పాత ఏ3 ఇంజనుతో పరీక్ష పెట్టారు. నాలుగు గంటల లోపే న్యూకాజిల్ చేరింది. తిరుగు ప్రయాణంలో గంటకు 108 మైళ్ల వేగం అందుకుంది. దాంతో కొత్త ఇంజన్లకు, కొత్త రైలుకు అనుమతి వచ్చేసింది.

కొత్త ఇంజను ముక్కు వాలుగా ఎందుకుండాలో గాలి చెప్పింది. వేగం పెరిగేకొద్దీ గాలి ప్రతిఘటన చాలా వేగంగా పెరుగుతుంది. గంటకు నూరు మైళ్ల దగ్గర ఇంజను చేసే పనిలో పెద్ద వాటా గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. ఫ్రాన్స్‌లో ఎత్తోరే బుగాట్టి రూపొందించిన రైలుకారు ముందుభాగం ఏటవాలుగా ఉండడం గ్రెస్లీకి నచ్చింది. ఆ ఆకారాన్నే తీసుకుని నమూనాలు చేయించి గాలి సొరంగంలో పెట్టి చూశారు. ఇక్కడ మరో చిక్కు ఎదురైంది. పొగగొట్టం నుంచి వచ్చే పొగ పైకి లేవకుండా బాయిలర్ వెంటే పాకి డ్రైవరు కిటికీకి అడ్డంగా కమ్ముకుంటోంది. ఎదురుగా ఉన్న సిగ్నల్ కనబడకపోతే వేగం మాట అటుంచి, ప్రాణాలకే ముప్పు. నమూనా మీద పొగగొట్టం వెనక ఎవరిదో బొటనవేలు నొక్కుకుని చిన్న గుంట పడిందనీ, ఆ గుంట ఉన్నప్పుడు పొగ చక్కగా పైకి లేచిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఏ4 పొగగొట్టం వెనక ఆ పల్లం నిజంగానే ఉంటుంది.

బయటి రేకు తొడుగు చూసి ముచ్చటపడే వారు ఎక్కువే కానీ, ఏ4 బలమంతా లోపల ఉంది. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్ద చోదక చక్రాలు, వెనక రెండు. ఈ అమరికను ‘పసిఫిక్’ అంటారు. విజయవాడ, రాజమండ్రి మీదుగా పాతకాలం మెయిల్ బళ్లను లాగిన డబ్ల్యూపీ ఇంజన్లదీ ఇదే అమరిక. ఏ4 చోదక చక్రం వ్యాసం 6 అడుగుల 8 అంగుళాలు. బాయిలర్‌లో ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 250 పౌన్లు. ఆ ఆవిరి బాయిలర్ నుంచి సిలిండర్లకు, అక్కడి నుంచి పొగగొట్టానికి పోయే దారులను వీలైనంత విశాలంగా, మెలికలు లేకుండా మలచడం గ్రెస్లీ సాధించిన అసలు విజయం. వాడిన ఆవిరి త్వరగా బయటపడకపోతే పిస్టన్ వెనక్కి రావడానికి అదే అడ్డంకి అవుతుంది. 35 ఇంజన్లలో చివరి దశలో తయారైన వాటిలో నాలుగింటికి జంట పొగగొట్టం పెట్టారు. ఫిన్లాండ్ ఇంజనీరు క్యిలాలా ఆలోచనను ఫ్రెంచ్ ఇంజనీరు ఆంద్రే షాపెలాఁ మెరుగుపరచగా వచ్చిన ఈ ‘కిల్‌చాప్’ పరికరం వాడిన ఆవిరిని తేలికగా బయటికి పంపి, అదే ఊపుతో నిప్పుకు మంచి గాలి లాగుతుంది. ఆ నాలుగింటిలో ‘మాలార్డ్’ అనే ఇంజను ఒకటి.

సిలిండర్లు మూడు. రెండు బయట ఇరుపక్కలా ఉంటే మూడోది మధ్యలో, చక్రాల నడుమ ఉంటుంది. బయటి రెండింటి వాల్వులకు మామూలు కడ్డీలే చాలు. మధ్య సిలిండరుకు విడిగా యంత్రాంగం పెట్టకుండా, బయటి రెండు వాల్వుల కదలికను మీటలతో కలిపి మూడో కదలికను పుట్టించే ఏర్పాటు గ్రెస్లీ వాడారు. ఇందులో బరువు, ఖర్చు కలిసొస్తాయి. కానీ మీటల కీళ్లన్నీ కొద్దికొద్దిగా అరిగినా ఆ వదులంతా కూడి మధ్య వాల్వు మీద పడుతుంది. వేగం పెరిగినప్పుడు ఆ వాల్వు ఉండవలసినదానికంటే ఎక్కువ తెరుచుకుంటుంది. మధ్య సిలిండరు తన వంతుకు మించి పనిచేస్తుంది. ఆ భారమంతా మధ్య కడ్డీ చివరి బేరింగ్ మోయాలి. చేతికి అందని చోట, వేడి బయటికి పోని చోట ఉన్న ఆ బేరింగే ఏ4కు ఏళ్ల తరబడి తలనొప్పిగా మిగిలింది.

మొదటి ఇంజను ‘సిల్వర్ లింక్’ 1935 సెప్టెంబరులో బయటికొచ్చింది. అయిదో జార్జి రాజు పాలన రజతోత్సవం పేరిట వేసిన ‘సిల్వర్ జూబిలీ’ రైలుకు తగినట్టు దీనికి వెండి బూడిద రంగు వేశారు. సెప్టెంబరు 27న పత్రికల వారిని ఎక్కించుకుని చేసిన ప్రదర్శన పరుగులో రెండుసార్లు గంటకు 112.5 మైళ్లు అందుకుంది. 43 మైళ్ల పొడవున సగటు వేగమే నూరు మైళ్లు. మూడు రోజుల తర్వాత మామూలు ప్రయాణికులతో రైలు మొదలైంది. మిగతా ఇంజన్లు సిద్ధం కానందువల్ల తొలి రెండు వారాలు సిల్వర్ లింక్ ఒక్కటే రోజూ పోనూ రానూ 536 మైళ్లు లాగింది. పత్రికలకు పనికొచ్చింది ఆ 112 మైళ్ల అంకె. అప్పుడే బయటికొచ్చిన యంత్రం రెండు వారాలు విశ్రాంతి లేకుండా వేళకు నడవడమే దాని సత్తాకు మరింత గట్టి సాక్ష్యం.

1937లో లండన్, ఎడిన్‌బరో నగరాలను ఆరు గంటల్లో కలిపే ‘కారొనేషన్’ రైలు వచ్చింది. దాని కోసం నీలం రంగు వేసిన అయిదు ఏ4లకు బ్రిటిష్ పాలనలోని దేశాల పేర్లు పెట్టారు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలతో పాటు ‘ఎంపైర్ ఆఫ్ ఇండియా’ పేరుతో 4490 నంబరు ఇంజను కూడా ఉంది.

1938 మార్చి 3న పుట్టిన 4468 నంబరు ఇంజను పేరు ‘మాలార్డ్’. మాలార్డ్ ఒక జాతి అడవి బాతు. నీటి పక్షులంటే గ్రెస్లీకి ఇష్టం కాబట్టి చాలా ఏ4లకు పక్షుల పేర్లే. జులై 3, ఆదివారం. బ్రేకుల పరీక్ష అని కాగితాల మీద రాసి, ఆరు పెట్టెలు, కొలతల పెట్టె ఒకటి తగిలించి మాలార్డ్‌ను ఉత్తరాన బార్క్‌స్టన్ వరకు తీసుకెళ్లారు. డ్రైవరు జో డడింగ్టన్ వయసు 61. బొగ్గు వేసింది టామీ బ్రే. మధ్య బేరింగ్ సంగతి అందరికీ తెలిసిందే కనుక అందులో సోంపు వాసన వచ్చే గొట్టం ఒకటి అమర్చారు. లోహం మితిమీరి వేడెక్కితే గొట్టం పగిలి ఆ ఘాటు డ్రైవరు ముక్కుకు తగులుతుంది.

తిరుగు ప్రయాణంలో, పట్టాల మరమ్మతు కారణంగా గ్రాంథమ్‌ను గంటకు 24 మైళ్లతో దాటవలసి వచ్చింది. స్టోక్ మెరక ఎక్కేసరికి వేగం 74 మైళ్లు దాటింది. అక్కడి నుంచి దక్షిణంగా, సుమారు 200 అడుగులకు ఒక అడుగు చొప్పున దిగే వాలు. మైలు మైలుకూ వేగం పెరిగి నూరు దాటింది, నూట ఇరవై దాటింది. లిటిల్ బైథమ్ దాటాక కొలతల పెట్టెలో కాగితం చుట్ట మీద గీత 125 మైళ్లకు చేరింది. ఒక్క క్షణం 126 తాకింది. అంటే గంటకు 203 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒక్కో చోదక చక్రం సెకనుకు దాదాపు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల దారిలో పిస్టన్ కూడా సెకనుకు అన్నేసార్లు ముందుకు వెనక్కి కొట్టుకుంటుంది. ఎసెన్డైన్ దగ్గర వేగం తగ్గించాక సోంపు వాసన వచ్చింది. మధ్య బేరింగ్ లోహం కరిగిపోయింది. మాలార్డ్ మెల్లగా పీటర్‌బరో చేరి ఆగింది. పత్రికల వారిని, అధికారులను లండన్ చేర్చడానికి పాత ఇంజను ఒకటి వచ్చింది.

126 కొనసాగిన దూరం 185 అడుగులు, అంటే ఒకే ఒక్క సెకను. గ్రెస్లీ అందుకే ఆ అంకెను రికార్డుగా ఒప్పుకోలేదు. 125తోనే సరిపెట్టుకున్నారు. 126 అని చెక్కిన ఫలకాలు ఇంజనుకు బిగించింది 1948లో, ఆయన మరణించిన ఏడేళ్లకు. జర్మనీ 05 002 ఇంజను 1936 మే 11న 200.4 కిలోమీటర్ల వేగాన్ని దాదాపు సమతలం మీద సాధించింది కాబట్టి వాలు మీద సాధించిన మాలార్డ్ రికార్డుతో దాన్ని పోల్చకూడదనే వారున్నారు. ఆ వాదనలో పస ఉంది. అయితే లాగిన బరువులో మాలార్డ్‌దే పైచేయి. ఆవిరి ఇంజన్లలో అంతకు మించిన వేగం అధికారికంగా మరెక్కడా నమోదు కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధంతో ఆ వైభవం ముగిసింది. మరమ్మతులకు అడ్డమని చక్రాలను కప్పే రేకు తొడుగులు విప్పేశారు. 1942 ఏప్రిల్ 29 తెల్లవారుజామున యార్క్ మీద జరిగిన బాంబు దాడిలో 4469 నంబరు ‘సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్’ లోకోషెడ్డులో నిలిచి ఉండగానే ధ్వంసమైంది. ఆ షెడ్డే తర్వాత 1975లో తెరిచిన జాతీయ రైల్వే మ్యూజియంగా మారింది. ఇంజను పోయిన చోటును గుర్తుచేసే ఫలకం అక్కడ ఉంది. యుద్ధానంతరం కె.జె. కుక్ అనే ఇంజనీరు డాంకాస్టర్‌కు వచ్చి, దృశ్య పరికరాలతో ఇరుసులను, కడ్డీలను సూక్ష్మంగా సరిచూసే పద్ధతి తెచ్చారు. బేరింగ్ తయారీనీ మార్చారు. ఇరవై ఏళ్లుగా వెంటాడిన జబ్బు దాదాపు నయమైంది. 1950ల చివరికల్లా మిగిలిన ఇంజన్లన్నిటికీ జంట పొగగొట్టం వచ్చింది. ఏ4లు తమ అత్యుత్తమ దశకు చేరుకునే సరికి డీజిళ్లు గుమ్మంలో నిలబడ్డాయి.

1962 డిసెంబరులో తొలి వేటు పడింది. తరగతికి పేరు తెచ్చిన సిల్వర్ లింక్ తుక్కుకింద పోయింది. సిల్వర్ జూబిలీ రైలు కోసం చేసిన వెండి రంగు ఇంజన్లు నాలుగింటిలో ఒక్కటీ మిగల్లేదు. ఎంపైర్ ఆఫ్ ఇండియా 1964లో సర్వీసు నుంచి తప్పుకుని అదే దారి పట్టింది. చివరి ఏ4లు గ్లాస్గో, అబర్డీన్ మధ్య మూడు గంటల రైళ్లను లాగి 1966 సెప్టెంబరులో నిలిచిపోయాయి.

ఆరు మిగలడం ఒక పథకం ప్రకారం జరిగింది కాదు. రికార్డు పుణ్యమా అని మాలార్డ్‌ను ప్రభుత్వం కాపాడింది. 1945లో అమెరికా సేనాపతి పేరు పెట్టిన ‘డ్వైట్ డి. ఐసెన్‌హోవర్’ 1964లో విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే మ్యూజియానికి కానుకగా వెళ్లింది. ‘డొమినియన్ ఆఫ్ కెనడా’ తన పేరున్న దేశానికే, మాంట్రియల్ సమీపంలోని మ్యూజియానికి చేరింది. ‘సర్ నైజెల్ గ్రెస్లీ’ని అభిమానులు చందాలు వేసుకుని కొన్నారు. ‘యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా’, ‘బిట్టర్న్’ ప్రైవేటు వ్యక్తుల చేతికి వెళ్లి మళ్లీ పట్టాలెక్కాయి.

మాలార్డ్ రికార్డుకు 75 ఏళ్లు నిండే సందర్భానికి విదేశాల్లోని రెండింటినీ అరువు తెచ్చుకోవాలని యార్క్ మ్యూజియం పూనుకుంది. బొగ్గు, నీరు మోసే టెండరు కాక ఒక్కోటి వందకు పైగా టన్నులు. వాటిని కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ రేవుకు చేర్చి ఓడెక్కించగా 2012 అక్టోబరు మొదట్లో లివర్‌పూల్‌లో దిగాయి. తర్వాత రెండింటికీ బయటి రూపం బాగుచేశారు. ఐసెన్‌హోవర్‌కు బ్రిటిష్ రైల్వేస్ ఆకుపచ్చ రంగు వేశారు. డొమినియన్ ఆఫ్ కెనడాకు 1937 నాటి నీలం రంగు, చక్రాల తొడుగులు, ఒంటి పొగగొట్టం, కెనడా పద్ధతి గంట తిరిగి అమర్చారు.

అభిమానులకు అసలు విందు దొరికింది పక్కపక్కన పెట్టి చూడడంలోనే. మూడు ఇంజన్లకు చక్రాల తొడుగులున్నాయి, మూడింటికి లేవు. యుద్ధానికి ముందు రూపమేదో తర్వాతి రూపమేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. మాలార్డ్ జంట పొగగొట్టం పొడవుగా సాగి ఉంటుంది, కెనడా ఇంజనుది పొట్టి. ఇన్నాళ్లూ పాత ఫొటోలు ముందేసుకుని వాదించుకున్న తేడాలు అడుగుల దూరంలో కంటికి కనిపించాయి. బిట్టర్న్, గ్రెస్లీ, సౌత్ ఆఫ్రికా అప్పటికి నడిచే స్థితిలోనే ఉన్నాయి. ఏ4లకే అలవాటైన మూడు స్వరాల ఈల వాటి వల్ల ఇంకా వినబడుతూనే ఉంది. జులైలో రెండు వారాలు, అక్టోబరు చివర మరో రెండు వారాలు యార్క్‌లో, 2014 ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు షిల్డన్ అనే పట్టణంలో ప్రదర్శన జరిగింది.

ఆ ఏడాదే విదేశాల నుంచి తెచ్చిన రెండు ఇంజన్లూ సముద్రం దాటి సొంత మ్యూజియాలకు తిరిగి వెళ్లాయి. మాలార్డ్ యార్క్‌లో ప్రదర్శనకే పరిమితమైంది. బిట్టర్న్, సౌత్ ఆఫ్రికా తర్వాతి కాలంలో పరుగు మానాయి. సర్ నైజెల్ గ్రెస్లీ మాత్రం 2015లో యార్క్ మ్యూజియం వర్క్‌షాపు చేరి, బాయిలర్ నుంచి చక్రాల దాకా విప్పించుకుని, 2022లో మళ్లీ ప్రధాన మార్గాల మీద ప్రయాణికులను లాగడం మొదలుపెట్టింది.