పసుపుపచ్చ పొడి, నీలి పొడి

హిందూస్థాన్ లీవర్ సంస్థవారు 1959లో సర్ఫ్ అను నీలి పొడిని మన విపణిలో ప్రవేశపెట్టిన పిదప, పట్టణములలోని కలిగిన యిండ్లవారు దానిని కొనుచుండిరి. తక్కినవారు సబ్బుబిళ్ళతోను, చాకలిసోడాతోను కుస్తీపట్టుచు బండపై బట్టలు బాదుకొనుచుండిరి. ఈ తక్కినవారియెడ సంస్థవారికి ద్వేష మేమియు లేదు. లెక్కలోనికి రానివారిని గూర్చి తలపోయవలసిన అగత్యము కలుగలేదు, అంతే.

ఇట్లుండగా 1969లో, గుజరాత్ ప్రభుత్వపు గనుల శాఖలో రసాయనజ్ఞుడుగా పనిచేయుచుండిన కర్సన్‌భాయి పటేల్, అహమ్మదాబాదులోని తన యింటి పెరటిలో సోడాబూడిద మున్నగు ద్రవ్యములను చేతితో కలిపి పసుపుపచ్చని పొడి నొకదానిని చేసి, కూతురు నిరుపమ పేరు మీదుగా దానికి నిర్మా యని పేరిడి, పొట్లములను సైకిలుపై పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి అమ్మజొచ్చెను. కిలో వెల మూడు రూపాయల ప్రాంతము. సర్ఫ్ వెల దానికి మూడు నాలుగింతలు.

ఆ పొడి మేలైనదనుట సాహసమగును. సువాసన లేదు, సోడా పాలు హెచ్చగుటచే చేతులు మండెడివి. అయినను ఇల్లాలు ఆ మంట నోర్చుకొని నాలుగు రూకలు వెనుక వేసికొనెను. ఆమె లెక్కలో తప్పుపట్టుటకు మనమెవరము? కుటీరపరిశ్రమగా లభించిన ఎక్సైజు సుంకపు మినహాయింపు కూడ నిర్మాకు కొండంత అండ యైనదనుట మరువరాదు. విపణిలోని పోటీ మన అర్థశాస్త్ర గ్రంథములలో కనబడునంత నిర్మలముగా ఎన్నడును నడువదు.

లీవరువారు చాలకాలము దీనిని చూచియు చూడనట్లుండిరి. పిమ్మట 1980ల దశకములో వారి ప్రకటనయందు లలితాజీ యను గృహిణి, కూరగాయల బేరములో ఆరితేరిన చేతితో, చవుక వస్తువు వేరు మంచి వస్తువు వేరు అని తేల్చి, అరకిలో సర్ఫ్ కిలో చవుకపొడికి సరియని దూరదర్శన్ ప్రేక్షకులకు నచ్చజెప్పెను. ఆమె వాదమును దేశమంతయు మెచ్చుకొన్నది. మెచ్చుకొని, నిర్మానే కొన్నది. ఆ దశకము నడిమికి అమ్మకములలో అగ్రస్థానము నిర్మాదే అయ్యెను.

అప్పటికిగాని, వాదించి గెలువలేని చోట వస్తువునే మార్చవలెనన్న సంగతి సంస్థవారికి ఎక్కలేదు. దశకము ముగియకమునుపే వీల్ అను చవుకపొడిని వెలువరించి, దానికై కూర్పు మొదలు దుకాణమునకు చేర్చు పద్ధతి వరకు సమస్తమును స్వల్పలాభమునకు తగినట్లు దిద్దుకొని, నిర్మాపై ఇల్లాండ్ర ఫిర్యాదునే ఆయుధముగా గైకొని, తమ పొడి చేతులకు హాని చేయదని చాటిరి. అంతకుముందు లెక్కలోనికి రాని ఇల్లాలి అరచేయి ఇప్పుడు వారి ప్రయోగశాలకు విషయమైనది! ఆమె మారలేదు, ఆమె పేదరికమును మారలేదు. ఆమె పైకము పరుల గల్లాపెట్టెలో పడుట కంటబడినది.

కాలక్రమమున వీల్ నిర్మాను మించిపోయెను. పిదప కాన్పూరు నుండి ఘడీ యను మరియొక చవుకపొడి బయలుదేరి, వీల్‌కు నిద్ర లేకుండ చేసినది.