వార్తల్లో పదం: ఓవర్‌టైమ్

అమెరికాలో ఓవర్‌టైమ్ సొమ్ముకు 2025లో ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చాక ఈ మాట మళ్లీ వార్తల్లోకెక్కింది. 1938 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. కాలిఫోర్నియా రోజు గంటలనూ లెక్కిస్తుంది: 8 దాటితే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెట్టింపు. రెండు చట్టాలూ వర్తించేచోట కార్మికుడికి ఎక్కువ మేలు చేసేదే చెల్లుతుంది. న్యాయమైన పద్ధతి.

అన్యాయమల్లా పన్ను దగ్గరే. మినహాయింపు ఫెడరల్ చట్టం తప్పనిసరి చేసిన అదనపు సొమ్ముకే. కేవలం రాష్ట్ర చట్టం ఇప్పించిన రోజువారీ ఓవర్‌టైమ్‌కు దక్కదు. అలసట రెండుచోట్లా ఒకటే కదా!

నెలజీతగాళ్లందరికీ ఓవర్‌టైమ్ ఉండదనుకోవడం పొరపాటు. జీతంతోపాటు పని స్వభావమూ చూస్తారు. అక్కడున్న మనవాళ్లూ తమ రాష్ట్ర చట్టం ఏం చెబుతోందో ఒకసారి కనుక్కోండి.