శుక్రవారపు చేపల పులుసు

"చేపల పులుసు తిని తపస్సంటారేమిటి మాష్టారూ?" అని మా కాలేజీలో లెక్కల లెక్చరరుగారు ఏటా ఒకసారి నన్ను అడుగుతారు. ఆయన కార్తీకమాసం నెల పొడుగునా నీచు ముట్టరు. ఆయన దృష్టిలో చేపకూడా నీచే. అది నీళ్లలో ఈదిందా, గట్టుమీద నడిచిందా అన్న విచారణ ఆయనకు లేదు. ప్రశ్న న్యాయమైనదే. ఇన్నేళ్లూ నేను పుస్తకంలో ఉన్న జవాబు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. అసలు జవాబు మొన్నటి తపస్సుకాలంలో మా వంటింట్లో దొరికింది.

ముందు పుస్తకంలో జవాబు మనవి చేస్తాను. మేము కతోలికులం. విభూది బుధవారంనాడు నుదుట బూడిద పెట్టించుకున్నది మొదలు ఈస్టరు ముందటి శనివారం దాకా 46 రోజులు. ఆదివారాలు ఆరూ తీసివేస్తే మిగిలేవి 40. విభూది బుధవారమూ, పవిత్ర శుక్రవారమూ ఉపవాసం, అంటే ఒక్కపూటే నిండు భోజనం. ఆ రెండు రోజులూ, తక్కిన శుక్రవారాలూ మాంసం కూడదు. 1983 నాటి మా ధర్మశాస్త్రం ప్రకారం 59 ఏళ్లు నిండినవారికి ఉపవాసం విధి కాదు. మాంసం మానటం మాత్రం 14 నిండిన దగ్గరనుంచి ఎంత ముసలివారికైనా తప్పదు.

మరి చేపకు మినహాయింపు ఎందుకు? 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే మహాపండితుడు దీన్ని చర్చించాడు. నేలమీది జంతువుల మాంసమూ, పక్షుల మాంసమూ నాలుకకు ఎక్కువ ఇంపు గనుక వాటిని నిషేధించారని ఆయన తాత్పర్యం. పాపం, ఆయన ఇటలీవాడు. మా గుంటూరువాళ్లు పెట్టే కొరమేను పులుసు రుచి చూసి ఉండడు!

ఇక వంటింటి సంగతి. మా అమ్మకు 76 ఏళ్లు. స్నానాలగదిలో కాలు జారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నది. అదే సమయానికి మా ఆవిడ పుట్టింట్లో పెళ్లిపనులని వెళ్లింది. శుక్రవారం వచ్చింది. "ఈ పూట పులుసు నేను పెడతానే" అని అమ్మతో గొప్పగా చెప్పి బజారుకు వెళ్లాను. తొట్టిలో కొరమేలు నల్లగా, నిగనిగలాడుతూ కొట్టుకుంటున్నాయి. అమ్మకు ప్రాణం. ధర విని గుండె ఒకసారి ఆగినా, అమ్మకోసం కదా అని కిలో చేప తూయించాను. బేరమాడలేదు. చేపలమ్మి బూడిద రాసి, బండమీద రుద్ది, ముక్కలు కోసి ఇచ్చింది.

అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నది. నోరు ఆవిడది, చేతులు నావి.

"కల్లుప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడుగు. చింతపండు రెండు నిమ్మకాయలంత నానబెట్టు. ఆ మూకుడు కాదురా, వెడల్పాటి మట్టిదాక తీసుకో."

నూరిన ఉల్లిముద్ద నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాను. చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాలపొడి ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. పులుసు పోసి, అది తెర్లి కాస్త చిక్కబడ్డాక ముక్కలు జారవిడిచాను. అలవాటుగా గరిటె అందుకున్నాను.

"గరిటె పెట్టావో ముక్కలు చిదికిపోతాయి! గుడ్డతో దాక అంచులు పట్టుకుని కుదుపు."

కుదిపాను. పావుగంటకు నూనె పైకి తేలింది. చివర వేయించిన మెంతులపొడి చిటికెడు చల్లేసరికి వీధి గుమ్మందాకా వాసన వెళ్లింది. నాకు ఎం.ఏ. పట్టా పుచ్చుకున్ననాడు కూడా అంత గర్వం కలగలేదు.

"చేప ఎంతయిందిరా?" అన్నది అమ్మ.

చెప్పాను. అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ గూట్లో తగరపు డబ్బా ఉంది, తే" అన్నది.

తెచ్చాను. మూత తీస్తే చిల్లర, మడిచిన నోట్లు.

"శుక్రవారం మాంసం కొనం కదా. చేపల్లోనూ చవకవే కొంటాను. ఆ మిగులు ఇందులో పడాలి. ఈ వారం ఏం వెయ్యను నాయనా?"

నిష్ఠూరంగా అనలేదు. లెక్క అడిగినట్టే అడిగింది. మా వీధి చివర ఇస్త్రీ చేసుకు బతికే ఒంటరి ముసలావిడకు ఏటా మ్రానికొమ్మల ఆదివారంనాడు ఈ డబ్బు చేరుతుందట. ఆవిడకు ముందు ఇంకెవరికో.

నాకు చిన్నప్పటి శుక్రవారాలు జ్ఞాపకం వచ్చాయి. ఎప్పుడూ కవళ్ల పులుసే. ముళ్లు ఏరుకోలేక ఏడ్చేవాణ్ణి. పెద్దయ్యాక కూడా, మా అమ్మ చెయ్యి కొంచెం గట్టిదని స్నేహితుల దగ్గర నవ్వుతూ చెప్పినవాణ్ణి. ఆ గట్టితనం ఎవరికోసమో ఒక్కనాడూ అడగలేదు. 1966లో ఆరవ పాల్ పోపుగారు తపస్సును గురించి వెలువరించిన శాసనంలో, తిండి మానటమూ, పేదలను ఆదుకోవటమూ కలిసి నడవాలన్న భావం ఉన్నది. అది నేను చదివాను. అమ్మ చదవలేదు.

"వండింది పారబోస్తామా? సగం గిన్నెలో పెట్టి ఆవిడకిచ్చిరా" అన్నది అమ్మ. ఇచ్చి వచ్చాను. ఇన్నేళ్లుగా ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కాలు తొడుక్కుని పాఠాలు చెబుతున్నాను గాని, ఆవిడ గడప తొక్కటం అదే మొదలు. తిరిగివచ్చి అమ్మకు అన్నం కలిపి పెట్టాను. రెండు ముక్కలు తిని, "ఉప్పు తక్కువయింది" అన్నది.

తరవాతి శుక్రవారం కవళ్లు తెచ్చాను. మిగులు డబ్బాలో వేశాను. ఆ సోమవారం లెక్కలాయనకు జవాబు చెప్పాను. "చేప తినటం తపస్సు కాదండీ. తీసివేత తపస్సు. తీసివేయగా మిగిలింది ఎవరికి చేరిందనేదే ప్రశ్న."

ఆయన తల పంకించి, "బాగానే ఉంది. అయితే ఆ కవళ్ల పులుసు రుచిగా ఉండదన్నమాట?" అన్నారు.

తపస్సుకాలంలో అబద్ధమాడటం ఎందుకని నిజమే చెప్పాను. మర్నాటికి మరీ బాగుంటుంది.